చిల్లర లేదనడమే నాస్తికత్వం



ఈ వ్యాసం కొందరికి కటువుగా తోచవచ్చు. కనుక ఇందులో మొదటి దోషిగా నన్నే నిలుపుకుంటాను.

గత కార్తీకంలో ఒక సోమవారం ప్రాతఃకాలాన మా సాలూరులో ఒక శివాలయానికి వెళ్ళాను. అభిషేకం దర్శించి, తీర్థం పుచ్చుకొని, హుండీ పక్కన అతికించిన క్యూఆర్ కోడును ఫోనుతో స్కాన్ చేసి నూట పదహారు రూపాయలు సమర్పించాను. క్షణంలో పని ముగిసింది. మెట్లు దిగుతుండగా, గోడకు చేరగిలి కూర్చున్న ఒక వృద్ధురాలు చేయి చాచింది. రాత్రి ఆమె పడుకున్న గోనెపట్టా ఇంకా పక్కనే ఉంది. జేబు తడుముకొని "చిల్లర లేదు మామ్మా, అంతా ఫోనులోనే ఉంది" అన్నాను. ఆమె కోపగించలేదు. "ఈమధ్య అందరూ అదే సెప్తన్నారు బాబూ" అని చేయి ముడుచుకుంది.

నేను చెప్పింది యథార్థమే. జేబులో నిజంగానే నాణెం లేదు. అయినా ఇల్లు చేరేసరికి అది అసత్యమని తేలిపోయింది. ఏ ఫోనుతో రెండు నిమిషాల క్రితం దేవునికి నూట పదహార్లు ఇచ్చానో, అదే ఫోను నా చేతిలో ఉంది. ఎదురుగా టీ కొట్టు ఉంది, దాని మీద కోడు ఉంది. పది అడుగులు నడిచి ఆమెకు ఒక టీ, రెండు ఇడ్లీలు ఇప్పించడానికి లేనిది నగదు కాదు, సంకల్పం. ఆ లోపానికి నగదు పేరు పెట్టి తప్పించుకున్నాను.

'లేదు' అనే మాటకు సంస్కృతంలో 'నాస్తి' అని పేరు. పరలోకం నాస్తి, ఆత్మ నాస్తి అన్నవాణ్ణి మన పెద్దలు నాస్తికుడన్నారు. సర్వభూతాలలోనూ ఈశ్వరుడు ఉన్నాడని నిత్యం పారాయణ చేస్తూ, ఆ భూతాలలో ఒకటి ఎదుట నిలిచి చేయి చాచినప్పుడు 'నాస్తి' అన్న నన్ను ఏమని పిలవాలి? ఈ ప్రశ్ననే మీ ముందు ఉంచుతున్నాను.

సాలూరు చిన్న పట్టణం. 2011 జనగణన నాటికి ఇక్కడి జనాభా యాభై వేలకు కొంచెం తక్కువ. కానీ ఇది దారి మీది ఊరు. విజయనగరం నుంచి వచ్చే జాతీయ రహదారి ఇక్కడి నుంచే ఘాటీ ఎక్కి, సుంకి మీదుగా కోరాపుట్‌కు, ఆపైన రాయపూర్‌కు పోతుంది. లారీ యజమానులు, డ్రైవర్లు, క్లీనర్లు, బాడీలు కట్టేవారు, మెకానిక్కులు, ఇలా ఈ ఊరి జీవనం చక్రాల మీద సాగుతుంది. దారి మీది ఊరికి దారి తప్పినవారు కూడా వస్తారు. ఏ బండి ఎక్కి వచ్చారో చెప్పలేనివారు, మతి చలించినవారు, మనకు తెలియని భాష మాట్లాడేవారు, కన్నబిడ్డలు వదిలివేసిన వృద్ధులు. వారు మూసిన దుకాణాల అరుగుల మీద, బస్సు కాంప్లెక్సు బల్లల మీద, ఆలయ ప్రాకారాల నీడన రాత్రులు గడుపుతారు.

2011 ఫిబ్రవరి 28 రాత్రి జనగణన సిబ్బంది దేశమంతటా ఇల్లు లేనివారిని లెక్కించారు. 17.7 లక్షలమంది తేలారు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారి సంఖ్య సుమారు 1.45 లక్షలు. ఒక్క రాత్రిలో కంటబడినవారి లెక్క ఇది.

ఆ తరువాత 2016లో యూపీఐ వచ్చింది. అదే ఏడాది నవంబరు 8న పెద్దనోట్ల రద్దు ప్రకటన వెలువడింది. 2025 ఆగస్టు నెల ఒక్కదానిలోనే యూపీఐ లావాదేవీలు రెండు వేల కోట్లు దాటాయి. కూరగాయల బండి మీద కోడు, పూలబుట్ట మీద కోడు. తిరుమల స్వామికి ఈ-హుండీ ఉంది. దేవునికి ఇవ్వవద్దని నేననడం లేదు. దేవునికీ, దుకాణదారునికీ, చివరికి సంతలో చింతపండు అమ్మే గిరిజన స్త్రీకీ చేరిన ఈ ప్రవాహం ఇల్లు లేనివాని వద్దకు వచ్చేసరికి ఆగిపోయింది. ఇల్లున్నవాని జేబు నుంచి ఇల్లు లేనివాని పళ్ళెంలోకి జారే చిల్లర నాణెమే వారిద్దరి మధ్య మిగిలిన బంధం. అది తెగిపోతున్నదని కూడా మనం గమనించలేదు.

ఈ విషయం సత్సంగంలో ప్రస్తావించినప్పుడు నాలుగు ఆక్షేపాలు వచ్చాయి. వాటిని శాస్త్రరీతిలోనే పూర్వపక్షాలుగా నిలిపి సమాధానం చెబుతాను.

మొదటి పూర్వపక్షం: "పాత్రత చూడకుండా దానం చేయరాదు. ఇచ్చిన డబ్బుతో తాగుతారు. యాచనను ప్రోత్సహించినట్లవుతుంది."

దేశం, కాలం, పాత్రం చూసి ఇచ్చిన దానమే సాత్త్వికమని భగవద్గీత పదిహేడవ అధ్యాయం చెప్పిన మాట వాస్తవం. కానీ ఆ వెంటనే అదే అధ్యాయం, సత్కారం లేకుండా, అవజ్ఞతో ఇచ్చిన దానిని తామసమన్నది. మనం మొదటి మాటను పట్టుకొని రెండవ మాటను వదిలేశాం. ఇచ్చేవాని పాత్రతను గురించి శాస్త్రం అంత కఠినంగా మాట్లాడుతుంటే, పుచ్చుకునేవాని పాత్రతను మాత్రమే విచారించడం ఎటువంటి న్యాయం?

పైగా భూదానానికి, విద్యాదానానికి ఉన్న పాత్రవిచారం అన్నానికి లేదు. ఆకలే అక్కడ పాత్రత. ఇంటికి వచ్చిన అతిథిని గోత్రం ఏమిటి, శాఖ ఏమిటి, ఏమి చదివావు అని అడగరాదని పరాశర స్మృతి నిషేధించింది. గోత్రం అడగకుండా విస్తరి వేసిన సంప్రదాయం మనది. నేడు ఆకలితో ఉన్నవానిని మనసులోనే నిలబెట్టి, పేరు, ఊరు, నడత, అలవాట్లు అన్నీ పరీక్షించి, బ్యాంకులు చేసే కేవైసీని మించిన కేవైసీ చేస్తున్నాం.

ఇక తాగుతారనే మాట. దానం అంటే ధర్మశాస్త్రం ఇచ్చే అర్థం, ఒక వస్తువు మీద నా స్వత్వాన్ని విడిచి అవతలివాని స్వత్వాన్ని కలిగించడం. నీరు ధారపోసి 'న మమ' అనడంలోని ఆంతర్యం అదే. నాది కాదని పలికిన పది రూపాయల మీద తరువాత విచారణ జరిపే అధికారం నాకెక్కడిది? అధికారం విడవలేదంటే దానం జరగలేదన్నమాట. అయినా సందేహం తీరకపోతే అన్నం పెట్టండి, దుప్పటి ఇవ్వండి. సందేహం ఇవ్వకపోవడానికి కారణం కారాదు.

యాచనను నిషేధించే శాసనం మనకు 1977 నుంచీ ఉన్నది. 2017 నవంబరులో హైదరాబాదులో అంతర్జాతీయ పారిశ్రామిక సదస్సుకు ముందు పోలీసు ఉత్తర్వుతో వీధుల్లోని యాచకులను తరలించారు. అతిథులు వస్తున్నారని ఇంట్లోని దీనులను గదిలో దాచడం ఏ ఆతిథ్యధర్మం? 2021 జూలైలో సర్వోన్నత న్యాయస్థానం యాచనను నిషేధించడానికి నిరాకరిస్తూ, చదువు, ఉపాధి లేకనే మనుషులు వీధికి వస్తారని, ఇది సాంఘిక, ఆర్థిక సమస్య అని గుర్తుచేసింది. న్యాయమూర్తులకు తోచిన ఆ కారుణ్యం భక్తులకు తోచకపోవడం లజ్జాకరం.

రెండవ పూర్వపక్షం: "అది వారి ప్రారబ్ధం. అనుభవించక తప్పదు."

ఈ మాట వేదాంతం చదివినవారి నోటనే ఎక్కువగా వినబడుతుంది. అందుకే ఇది మరింత ప్రమాదకరం. కర్మసిద్ధాంతం నన్ను నేను దిద్దుకోవడానికి పెద్దలు ఇచ్చిన అద్దం. ఎదుటివానికి శిక్ష విధించడానికి ఇచ్చిన న్యాయపీఠం కాదు. నాకు కష్టం వస్తే నా ప్రారబ్ధమని ఓర్చుకోవడం వివేకం. ఎదుటివానికి కష్టం వస్తే వాని ప్రారబ్ధమని పక్కకు తప్పుకోవడం ఆ వివేకానికి పట్టిన చీడ. అతని ఆకలి అతని ప్రారబ్ధమే అనుకుందాం. దానిని చూసి నేను చేసిన ఉపేక్ష ఎవరి కర్మ? అది నా ఆగామిలో చేరదా?

భాగవతం తొమ్మిదవ స్కంధంలోని రంతిదేవుని తలచుకోండి. నలభై ఎనిమిది రోజులు నిరాహారంగా ఉన్నాడు. తినబోయే వేళకు ఒకరి తరువాత ఒకరు అతిథులు వచ్చారు. చివరకు మిగిలిన మంచినీటిని కూడా దాహంతో వచ్చిన పుల్కసునికి ధారపోశాడు. ఎవరి దప్పిక ఎవరి కర్మఫలమో ఆ రాజు లెక్క వేయలేదు. దీనుల దుఃఖం తనకు రావాలని, వారు దుఃఖరహితులు కావాలని కోరుకున్నాడు. మోక్షాన్ని సైతం అడగని ఆ మహానుభావుని కథను సప్తాహాలలో కన్నీళ్ళతో విని, బయటకు వచ్చి చెప్పులు వెతుక్కుంటూ ప్రారబ్ధమని అంటామా?

మూడవ పూర్వపక్షం: "మంచి సంస్థకు ఆన్‌లైన్‌లో పంపితే చాలు. అది క్రమబద్ధం, రశీదు కూడా వస్తుంది."

సంస్థలకు పంపడం మంచిదే. అన్న క్యాంటీన్లకు గాని, అనాథాశ్రమాలకు గాని ఫోను ద్వారా విరాళం పంపేవారికి నా నమస్కారం. ఒక వ్యక్తి చేయలేని వైద్యం, వసతి, పునరావాసం సంస్థలే చేయగలవు. నా అభ్యంతరం 'చాలు' అనే మాట మీద.

ఆదాయపు పన్ను చట్టంలోని మినహాయింపు నమోదైన సంస్థలకు ఇచ్చిన విరాళాలకే. అందులోనూ నగదు రెండు వేలు దాటితే వర్తించదు. లెక్కలు సరిగా ఉండడానికి అది అవసరమైన నియమమే. కానీ గుడిమెట్ల మీది వృద్ధురాలికి పెట్టిన అన్నానికి ఏ ఫారమూ రశీదు ఇవ్వదు. రశీదు వచ్చే చోటనే మన ఔదార్యం వికసిస్తున్నదంటే, ప్రత్యుపకారం ఆశించి, ఫలం ఉద్దేశించి ఇచ్చినది రాజసమని గీత చెప్పిన మాట మనకే వర్తిస్తుంది.

రశీదు కన్నా హీనమైనది ఛాయాచిత్రం. దుప్పటి ఒక చేత్తో ఇస్తూ, రెండవ చేత్తో ఫోను ఎత్తి, ఆ దీనుని ముఖాన్ని వాట్సాప్ సమూహాలలో తిప్పడం నేడు సేవగా చలామణి అవుతున్నది. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి దానం చేయవలసిన రీతులను చెబుతూ శ్రద్ధతో పాటు లజ్జను కూడా చేర్చింది. ఇచ్చేవాడు సిగ్గుపడాలట. నాకు ఇంత ఉండగా ఇతనికి లేకపోయిందే అన్న సిగ్గు. మన ఛాయాచిత్రాలలో సిగ్గుతో తల దించుకునేది పుచ్చుకునేవాడే. ఉపనిషత్తును తలక్రిందులు చేశామనడానికి వేరే ప్రమాణం అక్కరలేదు.

కోనసీమలో లంకల గన్నవరానికి చెందిన డొక్కా సీతమ్మ గారి గురించి మనవారు చెప్పుకునే ఒక ముచ్చట ఉన్నది. ఆమె అంతర్వేది స్వామి దర్శనానికి బయలుదేరి దారిలో ఆగినప్పుడు, ఆకలితో ఉన్న ఒక కుటుంబం "సీతమ్మ గారి ఇల్లు చేరితే అన్నం దొరుకుతుంది" అనుకోవడం ఆమె చెవిన పడింది. యాత్ర మానుకొని వెనక్కి తిరిగి, వారికంటే ముందు ఇల్లు చేరి వంట చేసింది. ఆమెకు స్వామి కనబడలేదని ఎవరైనా అనగలరా?

నాలుగవ పూర్వపక్షం: "వారికీ ఒక క్యూఆర్ కోడు ఇప్పిస్తే సరిపోతుంది కదా."

సరిపోదు. కోడు వెనుక ఖాతా ఉండాలి. ఖాతాకు ఫోను, గుర్తింపుపత్రం ఉండాలి. గుర్తింపుపత్రానికి చిరునామా కావాలి. చిరునామా లేకపోవడమే కదా అతని వ్యాధి! మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛనును ఇంటి గడప వద్దకే తెచ్చి ఇస్తున్నారు. గడపే లేనివారికి ఆ జాబితాలోకి ఎక్కడం ఎంత దుర్లభమో ఆలోచించండి.

విదేశాలలో ఈ ప్రయోగాలు జరిగాయి. 2018లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో ఇల్లు లేనివారి మెడలో క్యూఆర్ కోడు పట్టీ వేశారు. దారిన పోయేవారు స్కాన్ చేస్తే అతని వృత్తాంతం కనబడుతుంది. పంపిన ధనం ఒక సంరక్షకుని ఆమోదంతో అద్దె బయానా వంటి అవసరాలకు ఖర్చవుతుంది. ఉద్దేశం మంచిదే, మేలు కూడా జరిగింది. అయినా మనిషి మెడలో అంగడి సరుకుకు కట్టే చీటీ వంటిది వేలాడడం నా మనసు ఒప్పుకోదు. అంతకుముందే 2013లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో వీధుల్లో పత్రిక అమ్ముకునే నిరాశ్రయులకు కార్డులతో సొమ్ము తీసుకునే యంత్రాలు ఇచ్చారు. అక్కడ అతడు వస్తువు ఇచ్చి మూల్యం తీసుకునే వర్తకుడు. పరికరం ఒకటే అయినా మనిషిని నిలబెట్టిన స్థానం వేరు.

మన దేశంలోనూ ఒక మార్గం ఉన్నది. పత్రాలు ఏవీ లేనివారికి రిజర్వు బ్యాంకు నియమాలు 'స్వల్ప ఖాతా' తెరవడానికి అనుమతిస్తాయి. బ్యాంకు అధికారి సమక్షంలో ఫొటో మీద సంతకమో, వేలిముద్రో వేస్తే చాలు. ఖాతాలో నిల్వ యాభై వేలు, ఏడాదిలో జమ లక్ష, నెలలో తీసేది పది వేలు దాటరాదు. మొదట పన్నెండు నెలలు చెల్లుతుంది. ఈలోగా గుర్తింపుపత్రానికి దరఖాస్తు చేసినట్లు చూపితే మరో పన్నెండు నెలలు పొడిగిస్తారు. కానీ చిరిగిన బట్టలతో ఆ వృద్ధురాలు ఒంటరిగా బ్యాంకు మెట్లు ఎక్కితే ఏమవుతుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె పక్కన నిలబడడానికి మనలో ఒకరు ఒక పూట సెలవు పెట్టాలి. కాశీయాత్రకు పదిహేను రోజులు సెలవు పెట్టగలవారికి ఇది అసాధ్యమా?

సిద్ధాంతం

నగదు లేని దానం మనకు కొత్తది కాదు. నిజానికి మన పాత దానమంతా నగదు లేనిదే. సంక్రాంతికి హరిదాసు అక్షయపాత్రలో పోసిన గుప్పెడు బియ్యం, కళ్ళంలో పేదవారికి విడిచిన గింజలు, వైశ్వదేవం తరువాత వాకిట పెట్టిన ముద్ద, వీటిలో ఎక్కడా నాణెం లేదు. ఉన్నది ఎదురుబడ్డ రెండు ముఖాలు.

వాటిలో శ్రేష్ఠమైనది వారాల భోజనం. విజయనగరంలో 1860లో సంస్కృత పాఠశాల వెలసిన ఈ సీమలో, పేద విద్యార్థులు వారాలు చేసుకొని చదువుకున్న కథలు మన తాతల నోట విన్నాం. సోమవారం ఒక ఇంట, మంగళవారం మరొక ఇంట. ఆ బాలుణ్ణి ఎవరూ యాచకుడనలేదు. ఆ రోజు అతని కోసం ఒక విస్తరి ఉంటుంది. అతడు రాకపోతే గృహిణి వీధి గుమ్మంలోకి వచ్చి చూస్తుంది. ఆ ఏర్పాటుకు కులపు గిరి ఉండేదన్నది దాచకూడని సత్యం. ఆ గిరిని చెరిపివేసి, దాని సారమైన 'వారాన్ని' తీసుకుందాం.

కార్తీకం గడిచాక మా సత్సంగంలో ఏడు కుటుంబాలవాళ్ళం కలిసి ఆ పని మొదలుపెట్టాం. లారీలు ఆగే చోట ఉన్న ఒక చిన్న భోజన హోటలు యజమానితో మాట్లాడాం. గుడిమెట్ల మీది ఆ మామ్మకు రోజూ మధ్యాహ్న భోజనం. ఒక్కో రోజు ఒక్కో కుటుంబానిది, నాది గురువారం. ఎవరి రోజున వారు ఫోనుతోనే సొమ్ము పంపుతారు, యజమాని పుస్తకంలో గీత గీస్తాడు. మొదట అతడు పొట్లం కట్టి బయట ఇస్తానన్నాడు. లోపల కూర్చోబెడితే గిరాకీ పోతుందని అతని భయం. మేమూ సరేనన్నాం. అది మా తప్పు. పదిరోజులు గడిచాక మాలో ఒక సోదరి తన వారం నాడు స్వయంగా వెళ్ళి, మామ్మను లోపలికి తీసుకొచ్చి, ఎదురుగా కూర్చుని తానూ భోంచేసింది. డ్రైవర్లెవరూ లేచిపోలేదు. ఆనాటి నుంచి మామ్మ లోపలే తింటున్నది. మొన్న రెండు రోజులు ఆమె రాకపోతే యజమానే నాకు ఫోను చేశాడు. వెతికితే జ్వరంతో పడి ఉన్నది, ఆసుపత్రికి చేర్చాం. ఖాతాలోకి సొమ్ము పంపి ఊరుకుని ఉంటే ఆ ఫోను వచ్చేది కాదు.

అన్నం ఒక్కటే చాలదు. మందుకో, సబ్బుకో, తన ఇష్టప్రకారం తాగే ఒక టీకో ఆమె చేతిలో నాలుగు రూపాయలు ఉండాలి. కనుక విభూతి సంచితో పాటు జేబులో కొన్ని పది రూపాయల నోట్లు కూడా ఉంచుకోండి. ఏటీఎం నుంచి అవి రాకపోతే కిరాణా దుకాణంలో మార్చుకోండి. దేవుని పూజకు పూలు వెతికి తెచ్చుకునే మనం ఇంతమాత్రం చేయలేమా?

చివరగా, నీడ సంగతి. 2013లో ఆరంభమైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ లక్ష జనాభాకు నూరుమంది చొప్పున నిరాశ్రయులకు శాశ్వత వసతి ఉండాలని కొలత పెట్టింది. ఆ కొలత చొప్పున మా సాలూరు వంటి పట్టణానికి యాభైమందికి నీడ ఉండాలి. మీ ఊరి లెక్క మీరు వేసుకోండి. పురపాలక కార్యాలయానికి వెళ్ళి అడగండి. మన కోసం ఏమీ అడగరాదన్నది వైరాగ్యం. ఇతరుల కోసం కూడా అడగకపోవడం వైరాగ్యం కాదు, బద్ధకం.

గీత పదిహేడవ అధ్యాయం చివర, యజ్ఞంలోను, తపస్సులోను, దానంలోను నిలకడగా ఉండడమే 'సత్' అని భగవానుడు నిర్వచించాడు. ఒకనాటి ఉద్వేగాన్ని ఆయన సత్ అనలేదు, స్థితిని అన్నాడు. వారం తప్పని ఒక విస్తరి ఆ స్థితికి మొదటి మెట్టు. 'అస్తి' అనగలిగినవాడే ఆస్తికుడు. ఈసారి ఎవరైనా చేయి చాచినప్పుడు, జేబు ఖాళీగా ఉన్నా సరే, 'ఉంది మామ్మా, రా' అనండి.

ఓం తత్ సత్.